ప్రొఫెసర్ గారి పాత నంబరు

సుకిరోకి యాభై నాలుగో ఏట, జీవితంలో మొదటిసారి, ఒక మనిషి క్షమాపణ చెప్పింది. ఏం తప్పు చేసిందని చెప్పిందో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. కానీ ఒక్క మెసేజ్‌లో నాలుగుసార్లు చెప్పింది. నేను లెక్కపెట్టాను.

ఆయనది కర్తసురా రోడ్డు మీద, మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీ గోడకు ఆనుకుని ఉన్న పంక్చర్ షాపు. షాపు అన్నానని పెద్దగా ఊహించుకోకండి. నాలుగు వెదురు గుంజలు, పైన రేకు, ఒక గాలి మిషను, ఒక నీళ్ళ తొట్టి, ఒక పనిముట్ల పెట్టె, అంతే. పక్కనే నా టీ బండి. పంతొమ్మిదేళ్ళుగా ఆయన కాల్చే రబ్బరు వాసనా, నా అల్లం టీ వాసనా కలిసే ఆ రోడ్డున పోతున్నాయి. అందుకని ఆయన గురించి నాకు తెలిసినంత ఆయన పెళ్ళాం పాయినెమ్‌కి కూడా తెలియదని నా నమ్మకం. ఈ మాట ఆవిడ ముందు మాత్రం అనను.

పుట్టింది వొనొగిరి కొండల్లో, బావుల్లో నీళ్ళు లేని ఊళ్ళో. మూడో తరగతి దాకా చదివాడు. పద్నాలుగేళ్ళకు సోలో పట్నానికి వచ్చి రిక్షా తొక్కాడు. జనమంతా మోటారు సైకిళ్ళు కొనుక్కున్నాక రిక్షా ఎక్కేవాడు లేకుండా పోయాడు. పోనీ వాళ్ళ టైర్లకే గాలి కొడదామని మామగారి దగ్గర ఈ పని నేర్చుకున్నాడు. మంచి పనివాడు. ఆయన వేసిన అతుకు ఊడిందని ఎవరూ వెనక్కి రాలేదు. అయితే ఇన్నేళ్ళలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాణ్ణి నేను చూడలేదు. "ఇదుగో, గాలి." "ఏయ్ పంక్చరూ, ఇటు చూడు." ఇంట్లో పాయినెమ్ "వినపడిందా?" అని పిలుస్తుంది. ఆయన అన్నింటికీ పలుకుతాడు.

నిరుడు నవంబరులో, మా వైపు వానలు పడేముందు, అల్లుడు తన పాత ఫోను ఇచ్చాడు. సిమ్ము రోడ్డు చివర కొట్లో కొన్నాడు. నంబరు చివర వరసగా నాలుగు ఎనిమిదులు వచ్చాయని మురిసిపోయాడు. అలాంటి నంబరు ఎవరో ఒకరు వదిలేస్తే గానీ మనదాకా రాదని అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

వారం తిరక్కుండా ఆ మెసేజ్ వచ్చింది. ఫోను చేత్తో ఎత్తి పట్టుకుని, తేలును పట్టుకొచ్చినట్టు నా బండి దగ్గరికి వచ్చాడు.

"యాత్మీ, ఇది కాస్త చదివిపెట్టు. ఎవరో నా మీద కేసు పెట్టినట్టున్నారు. చాలా పొడుగ్గా ఉంది."

చదివాను. "అస్సలాము అలైకుం. సమయం కాని సమయంలో తమరి విశ్రాంతికి భంగం కలిగిస్తున్నందుకు ముందుగా క్షమాపణలు. నేను మేనేజ్‌మెంటు విభాగం విద్యార్థిని నస్తితిని. తమరు నా పరిశోధన వ్యాసానికి మార్గదర్శకులుగా నియమితులైనందుకు ఎంతో సంతోషిస్తూ, ఆ సంగతి తమరికి గుర్తుచేయవలసి వచ్చినందుకు క్షమాపణలు. అనుమతిస్తే మూడో అధ్యాయాన్ని తమరికి ప్రసాదిస్తాను. నా మాటల్లో పొరపాట్లు దొర్లి ఉంటే క్షమించగలరు. తమరు ఆయురారోగ్యాలతో ఉండాలని ప్రార్థిస్తూ, తమరి అమూల్యమైన సమయం తీసుకున్నందుకు మరొక్కసారి క్షమాపణలు."

నాకు నవ్వాగలేదు. ప్రసాదిస్తుందట. పెద్దవాళ్ళు కిందివాళ్ళకిస్తే ప్రసాదించడం. ఈ పిల్ల ఊళ్ళో ఉన్న గౌరవమంతా పోగేసి తీరా పొయ్యాల్సి వచ్చేసరికి తన నెత్తినే పోసుకుంది. ఈ కాలం పిల్లలందరిదీ ఇదే తంతు. పెద్ద మాట దొరికితే చాలు, దాన్ని ఎవరి వైపు తిప్పి పెట్టాలో చూసుకోరు. ఇంతా చేసి ఎవరికి రాస్తోందో ఆ పెద్దమనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవడం మర్యాద కాదు కదా.

"రాంగ్ నంబరు అని పెట్టెయ్యి అన్నా," అన్నాను.

"ఎట్లా పెడతాను? వట్టి పుణ్యానికే నాలుగుసార్లు క్షమించమంది. రాంగ్ నంబరంటే పాపం ఇంకో ఎనిమిదిసార్లు అడుక్కోవాలి. ఆడపిల్ల, సిగ్గుతో చితికిపోదూ?"

"మరేం చేస్తావ్?"

"మర్యాదగా అడిగింది, మర్యాదగా పలకాలి."

ఆయన వేళ్ళకు రబ్బరు జిగురు. అందుకని ఆయన చెప్పాడు, నేను కొట్టాను. "అలాగే తల్లీ, కానివ్వండి."

మా వైపు "అలాగే" అంటే ఒప్పుకున్నామని కాదు, విన్నామని. మొహం మీద కాదనలేక ఆ మాటతో నెట్టుకొస్తాం. పెళ్ళికి పిలిచినా అలాగే, ఇల్లు ఖాళీ చెయ్యమన్నా అలాగే. ఆ పిల్లకూ తెలియకపోలేదు, ఇక్కడ పుట్టి పెరిగిందే. కానీ ప్రొఫెసర్ నోట వచ్చేసరికి అదే మాట దానికి వరంలా వినపడినట్టుంది. నిమిషం తిరక్కుండా ఫైలు వచ్చి పడింది, ఇంకో రెండు క్షమాపణలతో.

అక్కడే ఆపాల్సింది. నేను ఆపలేదు. నా తప్పు కూడా ఉంది, దాచను. మధ్యాహ్నం బేరాలుండవు, ఆ మెసేజ్‌లు చదవడం నాకు కాలక్షేపమైపోయింది. ఆయన సంగతి వేరు. చేతులు సబ్బుతో రెండుసార్లు రుద్దుకుంటే తప్ప ఫోను ముట్టుకునేవాడు కాదు. చొక్కా పై గుండీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. బేరానికి వచ్చిన కుర్రకారును కూడా "మీరు" అంటుంటే వాళ్ళు వెనక్కి తిరిగి చూసుకునేవారు, ఎవర్ని అంటున్నాడా అని. ఒకరోజు వేయించిన సోయాగింజల టెంపే ముక్క నోట్లో పెట్టుకుని అడిగాడు.

"యాత్మీ, తమరు, తమరు అంటుంది కదా ఆ పిల్ల. అది నన్నేనా?"

"నిన్ను కాదు, నీ సిమ్మును," అన్నాను.

కాసేపు నమిలి, "పోన్లే, వచ్చేది నా ఫోనుకే కదా," అన్నాడు. ఆ పిల్ల పేరు ఫోన్లో నాచేతే ఎక్కించాడు. నస్తితి అని గుర్తుండదని "క్షమాపణ అమ్మాయి" అని పెట్టించాడు.

నాలుగో అధ్యాయం దగ్గర కథ అడ్డం తిరిగింది. పిల్ల వ్యాసం రోడ్డుపక్క చిన్న వ్యాపారాల గురించి. ఎవరు ఎన్ని గంటలు పనిచేస్తారు, ఎన్ని గంటలు ఊరికే కూర్చుంటారు అని పెద్ద పట్టిక గీసింది. అందులో ఒక వరస చదివి వినిపించాను. "పంక్చర్ పనివారు: దినంలో నూటికి అరవై ఒక్క వంతు ఖాళీ."

ఇన్నేళ్ళలో ఆయనకు కోపం రావడం నేను చూసింది అప్పుడే. చేతిలో ఉన్న ట్యూబు కింద పెట్టాడు.

"ఖాళీనా? నేను ఖాళీగా కూర్చుంటున్నానా? రాయి, చెప్తాను రాయి."

రాశాను. ఒక్క ముక్క మార్చకుండా రాశాను. "అమ్మా, కూర్చున్నవాడు ఖాళీగా ఉన్నాడని మీకెవరు చెప్పారు? మేకు గుచ్చుకునేది ముందుగా చెప్పి గుచ్చుకోదు. ఎప్పుడొస్తారో తెలియని మనిషి కోసం పొద్దుటినుంచీ సిద్ధంగా కూర్చోవాలి. ఎదురుచూడడం కూడా పనే. మళ్ళీ వెళ్ళి, వాళ్ళనే అడిగి రాయండి."

జవాబు వెంటనే రాలేదు. గంట తర్వాత వచ్చింది. ఏడేళ్ళ చదువులో తనకు దొరికిన మొదటి నిజమైన మార్గదర్శనం ఇదేనట. చదువుతూ కన్నీళ్ళు పెట్టుకుందట. అలా కన్నీళ్ళు పెట్టుకున్నందుకు క్షమాపణలు. అధ్యాయం మొత్తం కొట్టేసి, రోడ్లన్నీ మళ్ళీ తిరిగి రాస్తానంది. తిరిగింది కూడా. రెండు నెలలు పట్టింది.

ఆ రెండు నెలలే కొంప ముంచాయి. జులై చివర్లో వచ్చిన మెసేజ్ చదివితే నాకు నవ్వు రాలేదు. చదువు పూర్తిచెయ్యడానికి ఇచ్చిన ఏడేళ్ళ గడువు ఈ నెలాఖరుతో అయిపోతుందట. ముప్ఫై ఒకటో తేదీ మధ్యాహ్నం మూడింటిలోపు మార్గదర్శకుడి సంతకంతో కాగితం ఇస్తేనే ఆఖరి పరీక్షకు కూర్చోనిస్తారు. లేకపోతే పేరు కొట్టేస్తారు, ఏడేళ్ళూ గంగలో పోసినట్టే. సంతకానికి ఎక్కడికి రమ్మంటారో సెలవివ్వమని అడిగింది.

"ఇక చెప్పాలి," అన్నాడు సుకిరో. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"చెప్పు మరి."

ఆయన చెప్పలేదు. ముందు "అలాగే తల్లీ" అని పెట్టించి, అసలు సంగతి తనే రాస్తానని ఫోను తీసుకున్నాడు. రెండు రోజులు రాశాడు, చెరిపాడు. ఒకసారి తొంగిచూశాను. "సమయం కాని సమయంలో" దాకా వచ్చి ఆగిపోయింది. మర్యాదగా ఎలా మొదలుపెట్టాలో ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాడు గానీ, అసలు మాట ఎలా చెప్పాలో ఆ పిల్లకే తెలియదు, ఇక ఈయనకు ఎక్కడినుంచి వస్తుంది.

ముప్ఫై ఒకటో తేదీ పొద్దున పదకొండింటికి ఒక అమ్మాయి స్కూటరు తోసుకుంటూ వచ్చింది. వెనక టైరు నేలకు అంటుకుపోయింది. లేతాకుపచ్చ తలగుడ్డ, గుండ్రటి కళ్ళద్దాలు. ఫోన్లో ఆ పిల్ల మెసేజ్‌ల పైన పిల్లిని ఎత్తుకున్న ఫొటో రోజూ చూసేదే, ఇప్పుడు పిల్లి ఒక్కటే తక్కువ. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమయ్యా, వెనక టైరు. తొందరగా కానీ," అంది. ఆయన మొహం కూడా చూడలేదు.

సుకిరో చక్రం విప్పడం మొదలుపెట్టాడు. పిల్ల నా బల్ల మీద కూర్చుని అల్లం టీ చెప్పి, కాగితాల సంచి ఒళ్ళో పెట్టుకుని, తనలో తను గొణుక్కుంటూ ఫోన్లో కొట్టసాగింది. "తమరి... అమూల్యమైన... సమయానికి..." పనిముట్ల పెట్టెలో ఫోను టింగుమంది.

ఆయన నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. బుడగలు వస్తున్నా కనపడటం లేదు.

"ఎంతసేపయ్యా? టైరు చూస్తున్నావా, చేపలు పడుతున్నావా?"

"అయిపోయిందమ్మా," అన్నాడు.

పిల్ల మళ్ళీ గొణుక్కుంది. "తమరికి... పదే పదే... ఇబ్బంది కలిగిస్తున్నందుకు..." పెట్టె మళ్ళీ టింగుమంది. పిల్ల గోళ్ళు కొరుక్కుంటోంది. కళ్ళ కింద నల్లటి చారలు, నాలుగు రోజులుగా నిద్రపోయినట్టు లేదు. తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ ఆ మొహం చూసి మానుకున్నాను. అప్పుడు ఆ పిల్ల ఎనిమిది నెలల్లో చెయ్యని పని చేసింది. ఊపిరి పీల్చుకుని, కళ్ళు మూసుకుని, ప్రొఫెసర్‌కి ఫోన్ చేసింది.

పెట్టెలో పాట మొదలైంది. హుషారైన పెళ్ళిపాట, అల్లుడు పెట్టింది. పిల్ల చెవి దగ్గర ఫోను అలాగే ఉంచుకుని పెట్టె వైపు చూసింది. కట్ చేసింది, పాట ఆగింది. మళ్ళీ చేసింది, పాట మళ్ళీ వచ్చింది. లేచి వెళ్ళి పెట్టె మూత తీసింది. తెర మీద తన ఫొటో, పిల్లితో సహా. కింద "క్షమాపణ అమ్మాయి."

"ఇది ఎవరిది?"

సుకిరో లేచి నిలబడ్డాడు. ట్యూబు లోంచి నీళ్ళు కారుతున్నాయి. "నాదే తల్లీ."

"మెసేజ్‌లన్నీ..."

"యాత్మి చదివిపెట్టేది."

నన్నూ ముంచాడు. పిల్ల నా వైపు తిరిగింది. తర్వాత ఆ పిల్ల అన్న మాటలు రాయను. పెద్ద మాట ఒక్కటీ లేదు, అన్నీ మాకు తెలిసినవే, మార్కెట్లో రోజూ వినేవే. ఒక్క మాటా పొరపాటు వైపు తిరగలేదు. అన్నీ సరిగ్గా మాకే తగిలాయి. ఏడేళ్ళన్నది, ఫీజు కోసం అమ్మ అమ్మిన గొలుసన్నది, మా ఇద్దరి తలలూ పగలగొట్టినా పాపం లేదన్నది. చివరికి రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన నన్ను భూమి మింగేస్తే బావుండుననిపించింది.

సుకిరో కూర్చుని అతుకు వేశాడు. అంత కంగారులోనూ అంచులు నొక్కి, ఆరనిచ్చి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి చూసి మరీ బిగించాడు. తర్వాత మొహం కడుక్కుని, గుండీలు పెట్టుకుని, "అమ్మా, ఆ ప్రొఫెసర్ గారు కాలేజీలోనే ఉంటారు కదా. పదండి, నేనొచ్చి చెప్తాను," అన్నాడు.

నేను పొయ్యి ఆర్పేశాను. పిల్ల స్కూటరు మీద వెనక నేను కూర్చున్నాను, వెనకాల ఆయన తన డొక్కు బండి మీద.

విభాగం వరండాలో గోడకు పెద్ద అద్దాల బోర్డు ఉంది. గురువులకు మెసేజ్ పెట్టే పద్ధతి అని పైన రాసి ఉంది. ముందు సలాం, ఆపైన క్షమాపణ, ఆపైన మన పేరు. ఫోన్ చేయరాదు. జవాబు వచ్చేదాకా రెండోసారి అడగరాదు. పిలవనిదే రారాదు. ఇవన్నీ పాటించింది కాబట్టే పిల్లకు ఈ గతి పట్టింది. కింద ప్రొఫెసర్ల నంబర్లు ఉన్నాయి. పుర్వోకో గారి పేరు పక్కన, చివర నాలుగు ఎనిమిదులతో, మా సుకిరో నంబరు.

గంట ఒకటీ యాభై. పుర్వోకో గారు గదిలోనే ఉన్నారు. బల్ల మీద వేరుశనగ మిఠాయి డబ్బా, మంచి గడ్డం.

"నస్తితి... ఆఁ, నువ్వా. ఎనిమిది నెలలు ఒక్క ముక్క లేదు. మెసేజ్ పెడితే వేళ్ళు అరిగిపోతాయా? మీ తరానికి మర్యాద నేర్పలేకపోయాం."

పిల్ల తల వంచి మొదలుపెట్టింది. "సమయం కాని సమయంలో తమరి..." ఒక క్షమాపణ అయింది, రెండోది అయింది, మూడోది నడుస్తోంది. నేను గోడ గడియారం చూశాను.

"బాబుగారూ," అన్నాను, "మూడింటికి ఆఫీసు కిటికీ మూసేస్తారట. పిల్లకు సంతకం కావాలి."

ఆయన నన్ను చూసి, చూడనట్టే కాగితాలు అందుకున్నారు. సంప్రదింపుల రుజువు కోసం పిల్ల మెసేజ్‌లన్నీ అచ్చు తీసి జతచేసింది. పైన ఆయన పేరు, ఆయన పాత నంబరు, కింద ఎనిమిది నెలల తమరులు, వాటికి "అలాగే తల్లీ, కానివ్వండి"లు. చదువుతుంటే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ నంబరు నిరుడే మార్చేశానే. మీ మెసేజ్‌ల పోరు పడలేక..." అని సగంలో ఆగారు.

సుకిరో ఒక అడుగు ముందుకేశాడు, చెప్పేద్దామని. కానీ ప్రొఫెసర్ గారు అప్పటికే లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. నాకు అర్థమైంది. సంగతి బయటికొస్తే పైవాళ్ళు పిల్లను కాదు, ఈయన్ని అడుగుతారు. నీ విద్యార్థి ఎనిమిది నెలలు కనపడకపోతే ఎక్కడుందని ఒక్కసారైనా అడిగావా అని.

కూర్చుని పేజీలు తిప్పారు. నాలుగో అధ్యాయం దగ్గర చాలాసేపు ఆగారు.

"ఇది బావుంది. కూర్చున్నవాడు ఖాళీగా లేడు, ఎదురుచూడడం కూడా పనే. పుస్తకాల్లో దొరికే మాట కాదు. ఎవరు చెప్పారు?"

నస్తితి ఒకసారి సుకిరో వైపు చూసింది. ఆ పొద్దుటినుంచీ ఆయన మొహం చూడడం అదే మొదలు. తర్వాత నేల చూసింది.

"తమరే చెప్పారండీ."

ప్రొఫెసర్ గారు పెన్ను మూత తీశారు. "ఆఁ. గుర్తొచ్చింది. నేనే చెప్పాను." సంతకం పెట్టారు. సిరా ఆరకముందే తలెత్తి, "వీళ్ళెవరు?" అన్నారు.

పిల్ల కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. "టైరు బాగుచేసేవాడండీ. దారిలో పంక్చరైతే సాయం వచ్చాడు."

నా నోరు ఊరుకునే రకం కాదు. లేచింది. సుకిరో నా మోచెయ్యి పట్టుకున్నాడు, గట్టిగా. ప్రొఫెసర్ గారి వైపు వంగి, "అవునండీ," అన్నాడు.

రెండూ ఇరవైకి కాగితం కిటికీలో పడింది. పిల్ల మా వైపు రాలేదు. స్కూటరెక్కి వెళ్ళిపోయింది.

తిరిగొస్తూ ఆయన బండి వెనక కూర్చుని నేను నోటికొచ్చినవన్నీ అన్నాను. "ఎనిమిది నెలలు ఏ తప్పూ లేకుండా వందసార్లు క్షమించమంది. ఇవాళ నిజంగా అడగాల్సి వస్తే నోరు పడిపోయిందా?"

"ఊరుకో యాత్మీ. ఏడేళ్ళ చదువు. నిజం చెప్తే ఆ కాగితం అక్కడే చింపేసేవాడు."

"అంటే? నీకు బాధ లేదా?"

"ఎందుకు లేదూ," అన్నాడు.

బోర్డు మీద నంబరు మార్చినట్టున్నారు. మెసేజ్‌లు ఆగిపోయాయి. నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఫోను టింగుమంది. క్షమాపణ అమ్మాయి. సలాం లేదు, తమరు లేదు, ఒక్క అక్షరం లేదు. ఫైలు మాత్రం ఉంది. పిల్ల పరీక్ష గట్టెక్కింది, అట్ట వేసిన వ్యాసం. సుకిరో చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మొదటి పేజీలో కృతజ్ఞతలు. చదివాను. దేవుడికి. అమ్మానాన్నలకు. ఎదురుచూడడం కూడా పనేనన్న ఒక్క మాటతో తన కళ్ళు తెరిపించిన పూజ్యులు ప్రొఫెసర్ పుర్వోకో గారికి. గదిలో స్నేహితురాళ్ళకు. మీమీ అనే పిల్లికి. పేరుపేరునా చెప్పుకోలేని ఇతరులందరికీ.

"ఆ చివరిది మళ్ళీ చదువు."

"పేరుపేరునా చెప్పుకోలేని ఇతరులందరికీ."

"అందులో నేనున్నట్టేగా?"

పిల్లి తర్వాత ఉన్నావని నోటిదాకా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోతోంది. "ఉన్నావు," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. జవాబు తనే రాస్తానన్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ అరగంట కొట్టాడు. టైరు బేరానికి ఇద్దరు వచ్చి నిలబడ్డా లేవలేదు. రాసి నాకు చూపించాడు. "పాసయినందుకు సంతోషం తల్లీ. ముందు చక్రం కూడా అరిగింది, వానల్లోపు మార్పించుకోండి." పంపాడు.

మెసేజ్ పక్కన ఒక్క గీత పడింది. చేరిందని చెప్పే రెండోది పడలేదు. తెర పైన పిల్లా, పిల్లీ ఉండే చోట ఇప్పుడు బూడిదరంగు గుండ్రం ఒక్కటే ఉంది. ఫైలు పంపి ఆ వెంటనే ఈ నంబరును బ్లాక్ చేసేసింది. ఇక ఆ పిల్లకు ఈయన మాట ఏదీ చేరదు.

"రెండో గీత ఎప్పుడొస్తుంది యాత్మీ?" అని అడిగాడు.

ముక్కుసూటిగా మాట్లాడతానని నాకు పేరు. ఈ మనుషుల మర్యాదలంటే నాకు పడదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. "ఊళ్ళో ఉండదేమో అన్నా, అక్కడ సిగ్నల్ ఉండదు. రేపో ఎల్లుండో వస్తుందిలే," అన్నాను.